చేతికి చిప్పొచ్చింది

మొన్న మా బాబాయి కూతురి పెళ్ళికి తణుకు వెళ్ళాను. ముహూర్తం అర్ధరాత్రి దాటాక. అప్పటిదాకా మెలకువగా ఉండాలంటే కబుర్లు తప్ప గతి లేదు కదా, విడిదింట్లో ఓ పదిమందిమి కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నాం. అందులో స్వీడన్ నుంచి సెలవు మీద వచ్చిన మా పెద్దమ్మ కొడుకు కూడా ఉన్నాడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నన్ను ఈ సాఫ్ట్‌వేర్ నూతిలోకి దింపిన మహానుభావుడు.

"అన్నయ్యా, నీ నంబర్ నా దగ్గర లేదు, చెప్పు" అన్నాను. చెప్పలేదు. "నీ ఫోనివ్వు" అని తీసుకుని, దాన్ని తన ఎడమచేతికి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న కండకి ఆనించాడు. ఏమీ కాలేదు. కాస్త పక్కకి జరిపాడు. ఊహూ. ఫోన్ అడ్డంగా తిప్పి, చెయ్యి నిలువుగా పెట్టి, సిగ్నల్ లేని ఊళ్ళో మనం మేడెక్కి పడే అవస్థలన్నీ పడ్డాడు. నాలుగోసారికి 'టింగ్' మంది. స్క్రీన్ మీద కాంటాక్ట్ పేజీ తెరుచుకుంది. పేరు, ఫోను, మెయిలు, ఉద్యోగం, అన్నీ నింపేసి ఉన్నాయి. సేవ్ నొక్కడమే తరువాయి.

అందరం నోళ్ళు తెరిచాం. రెండేళ్ళ క్రితం చర్మం కింద ఎన్ఎఫ్‌సి చిప్పు పెట్టించుకున్నాట్ట. ఈ గొడవేంటో అర్థంకాక మా మామ్మ "ఏమైందిరా వాడి చేతికి?" అంది. "చేతిలో చిప్పు వేయించుకున్నాడు మామ్మా" అన్నాను. మామ్మ గుండె మీద చెయ్యేసుకుని, "ఇంత చదువు చదివి, అంత దూరం వెళ్ళి, చివరికి చేతికి చిప్పొచ్చిందేంట్రా నాయనా!" అంది. తర్వాత అరగంట సేపు అక్కడెవరూ నవ్వాపుకోలేకపోయారు.

ఈలోగా మా పెద్దమామయ్య తన ఫోన్ కూడా అందించాడు. దానితో ఎంత కుస్తీ పట్టినా పని జరగలేదు. మామయ్యకి విసుగొచ్చి, "నంబర్ చెప్పవయ్యా, మిస్డ్ కాల్ ఇస్తాను" అన్నాడు. పది సెకన్లలో పని ముగిసింది.

ఇక్కడో నిజం ఒప్పుకోవాలి. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను గానీ, సదరు చిప్పు రెండేళ్ళుగా నా కోరికల జాబితాలో ఉంది. ఆర్డర్ పేజీలో అడ్రస్ దాకా నింపి ఆగిపోయిన సందర్భాలు మూడున్నాయి. కాబట్టి టెక్నాలజీ అంటే పడని పెద్దమనిషి రాస్తున్న వ్యాసం కాదిది. కావాలనుకుని, తీరా ఒకటి దగ్గర్నుంచి చూశాక వద్దనుకున్నవాడి గోడు.

ముందు అసలు ఆ వస్తువేంటో చూద్దాం. అన్నయ్య చేతిలో ఉన్నది ఎక్స్‌ఎన్‌టీ రకం. రెండు మిల్లీమీటర్ల లావు, పన్నెండు మిల్లీమీటర్ల పొడవు ఉండే గాజుగొట్టం. పేపర్లలో 'బియ్యపు గింజంత' అని రాస్తుంటారు, మన సోనా మసూరి గింజ కాదు లెండి, ఉడికిన బాస్మతి గింజ అనుకోండి. లావుపాటి సూదితో చర్మం కిందకి దూరుస్తారు. లోపల ఉండేది ఎన్‌ట్యాగ్216 అనే చిప్పు, అంటే బయట స్టిక్కర్లలో, కార్డుల్లో దొరికేదే. బ్యాటరీ ఉండదు. ఫోన్ దగ్గరికొచ్చినప్పుడు 13.56 మెగాహెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం నుంచి కాస్తంత కరెంటు తీసుకుని, తన దగ్గరున్నది అప్పజెప్పి మళ్ళీ నిద్రపోతుంది.

నాలుగుసార్లు ఎందుకు పెట్టాల్సి వచ్చిందంటారా? ఫోన్ వెనకాల ఉండే యాంటెన్నా ఓ పెద్ద చుట్ట. చిప్పులోదేమో సన్నని ఫెర్రైట్ కడ్డీ చుట్టూ చుట్టిన వెంట్రుకలాంటి తీగ. రెండూ సరైన చోట, సరైన కోణంలో కలిస్తేనే మాట కలుస్తుంది. ఆ యాంటెన్నా ఒక్కో కంపెనీ ఫోన్లో ఒక్కో చోట ఉంటుంది. ఎదుటివాడి ఫోన్లో అదెక్కడుందో వాడికే తెలియదు, మనకేం తెలుస్తుంది?

ఇక స్థలం. ఎన్‌ట్యాగ్216లో మనం వాడుకోగలిగేది 888 బైట్లు. మెగాబైట్లు కాదు, కిలోబైట్లు కూడా కాదు. పేరు, నంబరు, మెయిలుకి ధారాళంగా సరిపోతుంది గానీ, మన భాషలో రాసుకుంటేనే తంటా. యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో ప్రతి సంకేతానికీ మూడు. 'శ్రీ' ఒక్కటే పన్నెండు బైట్లు తినేస్తుంది (శ, పొల్లు, ర, గుడిదీర్ఘం). 'శ్రీనివాసరావు' ఇంగ్లీషులో మధ్యలో ఖాళీతో సహా 13 బైట్లయితే తెలుగులో 39. సరిగ్గా మూడింతలు!

అందులో సమాచారం ఉండే పద్ధతి వీకార్డ్. 1990ల మధ్యలో యాపిల్, ఏటీ అండ్ టీ, ఐబీఎం, సీమెన్స్ కలిసి తయారుచేశాయి. ఆండ్రాయిడ్ ఫోన్ చిప్పులో వీకార్డ్ కనిపిస్తే నేరుగా కాంటాక్ట్స్ తెరుస్తుంది. ఐఫోన్ కథ వేరు. 2017లో ఐఓఎస్ 11తో యాప్‌లకి ట్యాగులు చదివే వీలొచ్చింది. 2018లో ఐఫోన్ టెన్ఎస్ నుంచి యాప్ అక్కర్లేకుండానే చదవడం మొదలైంది. కానీ అలా తనంతట తాను చదివేటప్పుడు వెబ్ లింకు, ఫోన్ నంబరు లాంటివాటినే పట్టించుకుంటుంది, వీకార్డ్‌ని కాదు.

అందుకని చిప్పు పెట్టించుకున్నవాళ్ళు చేసే కిటుకేంటంటే, వివరాల బదులు ఓ వెబ్ లింకు పెట్టుకుంటారు. ఆ లింకు నొక్కితే వివరాలున్న పేజీ వస్తుంది. అన్ని ఫోన్లలోనూ పనిచేస్తుంది, స్థలమూ కలిసొస్తుంది. బాగానే ఉంది గానీ, ఇప్పుడు చర్మం కింద ఉన్నదేమిటి? మన నంబరు కాదు, ఎవడిదో ఒక సర్వర్ అడ్రసు! ఆ కంపెనీ మూతపడితే, డొమైన్ రెన్యూ చెయ్యడం మర్చిపోతే మన చెయ్యి '404' చూపిస్తుంది. పైగా ఎవరెప్పుడు మన చెయ్యి తాకారో లెక్కంతా ఆ సర్వర్ లాగ్‌లో చేరుతుంది. లాగ్‌లు చూసి బతికే ఉద్యోగం మనది, అందులో ఏమేం ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు.

ఇది నిన్న మొన్నటి పిచ్చి కూడా కాదు. 1998లో ఇంగ్లండ్‌లో రీడింగ్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ కెవిన్ వార్విక్ తన చేతిలో ఓ ట్రాన్స్‌పాండర్ పెట్టించుకుని తొమ్మిది రోజులుంచుకున్నాడు. ఆయనొస్తుంటే డిపార్టుమెంటులో తలుపులు తెరుచుకునేవి, దీపాలు వెలిగేవి. 2005లో అమెరికాలో అమల్ గ్రాఫ్‌స్ట్రా ఆఫీసు తాళాల గోల పడలేక చేతిలో చిప్పు వేయించుకుని, తర్వాత వాటిని అమ్మే డేంజరస్ థింగ్స్ అనే కంపెనీ పెట్టాడు (పేరులోనే చెప్పేశాడు పాపం, దాపరికం లేదు). 2015లో స్టాక్‌హోమ్‌లోని ఎపిసెంటర్ అనే ఆఫీసు భవనంలో ఇష్టపడ్డవాళ్ళకి చిప్పులు వేశారు, తలుపులూ ఫోటోకాపీ మిషనూ వాటితో నడిచేవి. 2017లో స్వీడన్ రైల్వే సంస్థ ఎస్‌జే చేతిలోని చిప్పునే టికెట్టుగా చూపించే వీలు కల్పించింది.

ఆ రైలు వ్యవహారంలో ఓ తమాషా జరిగిందని అప్పట్లో వార్తలొచ్చాయి. కండక్టరు చెయ్యి స్కాన్ చేస్తే కొందరి విషయంలో టికెట్ బదులు లింక్డ్‌ఇన్ పేజీ వచ్చేదట! నవ్వొచ్చినా అసలు కిటుకంతా అందులోనే ఉందనిపిస్తుంది నాకు. అడిగింది కండక్టరా, పెళ్ళివారా, పోలీసా అన్నది చిప్పుకి తెలియదు. ఎవరడిగినా దాని దగ్గర ఉండే జవాబు ఒకటే.

పెళ్ళయిన మర్నాడు తిరుగు ప్రయాణంలో మా చెల్లితో ఇదంతా చర్చ పెట్టాను. తనూ మన జాతే, గచ్చిబౌలిలో టెస్టింగ్. చిప్పు గురించి అంతా విని, "ఇది పక్కాగా మగాడు కనిపెట్టిందే" అంది. ఎందుకే అంటే ఇలా చెప్పింది: "నంబర్ అడిగితే లేదనలేని చోట్లు మాకు నెలకోటి ఎదురవుతాయి అన్నయ్యా. ట్రైనింగులో పక్క సీటువాడు, అపార్టుమెంట్లో పై ఫ్లోరు అంకుల్, డెలివరీ ఇచ్చి కదలనివాడు. మొహం మీద ఇవ్వనంటే గొడవ. అందుకని ఒకంకె మార్చి చెప్తాం. వెంటనే మిస్డ్ కాల్ ఇచ్చి చూసే రకమైతే ఫోన్ ఇంట్లో మర్చిపోయానంటాం. చెయ్యి ఇంట్లో మర్చిపోయానని ఎలా చెప్పను?"

నా దగ్గర జవాబు లేదు. పదేళ్ళుగా కలిసి తిరుగుతున్నాం, ఒకంకె మార్చి చెప్పాల్సిన అవసరం నాకొక్కసారి కూడా రాలేదు. కాబట్టి అదొక హక్కని నాకు తట్టనే లేదు. టెస్టర్లని ఊరికే ఉంచుకోరు, మనం రాసిన కోడ్‌లో మనకి కనపడని కేసు వాళ్ళకే కనిపిస్తుంది.

అన్నయ్య తరఫు వాదన కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఫోన్లో పెడితే తను "నువ్వు మరీ భయపెడుతున్నావ్. రెండు సెంటీమీటర్ల దూరం దాటితే చదవదు. నలుగురి ముందు నాలుగుసార్లు పెడితే గానీ పలకలేదు, నాకు తెలియకుండా దొంగచాటుగా ఎవడు చదువుతాడు? చెయ్యి పెట్టేది నేనే కదా" అన్నాడు. నిజమే. సినిమాల్లో చూపించినట్టు వీధి చివర నిలబడి మన వివరాలు లాగేసే వ్యవహారం కాదిది. జీపీఎస్ ఉండదు, అది మనల్ని వెంటాడదు. ఆ భయం పెట్టుకుంటే చిప్పు కంటే ముందు జేబులో ఫోన్ పారెయ్యాలి.

కానీ వాదన అక్కడితో తేలిపోదు. మార్చకుండా చూసుకోడానికి దానికి నాలుగు బైట్ల పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. చదవకుండా కూడా పెట్టొచ్చు, అయితే అప్పుడు మామూలు ఫోన్లేవీ చదవలేవు, ఇక వివరాలు ఎలా పంచుకుంటాం? అంటే పంచుకోవాలంటే తలుపు బార్లా తెరిచి పెట్టాలి. బార్లా తెరిచినప్పుడు అందులో పెట్టగలిగేది ఊళ్ళో అందరికీ ఇవ్వడానికి అభ్యంతరం లేని వివరాలే. ఆఫీసు మెయిలు, లింక్డ్‌ఇన్ లింకు. మరి ఆ మాత్రం దానికి సూది ఎందుకు? మన వీధి చివర టీ బండి మీద క్యూఆర్ కోడ్ స్టిక్కరుంది, డబ్బులు తీసుకునే పనే అది చేస్తోంది. కావాలంటే ఫోన్ కవరు వెనకాల అలాంటిదొకటి అంటించుకుంటే చాలు. నచ్చకపోతే గోటితో పీకెయ్యొచ్చు.

ఈ వివరాలిచ్చే విద్యలన్నీ ఎంత కాలం బతికాయో కూడా చూడండి. 1990ల చివర్లో పామ్ పైలట్ల మధ్య ఇన్‌ఫ్రారెడ్‌తో విజిటింగ్ కార్డులు పంపుకునేవారు, పోయింది. 2009లో రెండు ఫోన్లు ఢీకొడితే వివరాలు మారే బంప్ అనే యాప్ వచ్చింది, 2013లో గూగుల్ కొనేసి 2014 జనవరిలో మూసేసింది. 2011లో ఆండ్రాయిడ్ బీమ్ వచ్చింది, 2019లో ఆండ్రాయిడ్ 10తో తీసేశారు. 2023లో ఐఫోన్లలో నేమ్‌డ్రాప్ వచ్చింది. అవన్నీ పోయినప్పుడు మనకి నష్టమేమీ లేదు, ఎందుకంటే ఒంట్లో ఏదీ మిగలలేదు. చిప్పు డేటాషీట్‌లో సమాచారం నిలిచే కాలం పదేళ్ళని రాసి ఉంటుంది. దాన్ని చదవాల్సిన ఫోన్ల పద్ధతులు అంతకాలం నిలుస్తాయని ఎవరు పూచీ?

ఇంకో సంగతి, పెళ్ళి మర్నాడు జరిగింది. అన్నయ్యని స్టేషన్‌కి నేను దింపాలి. పొద్దున్నే ఫోన్ చేస్తే స్విచాఫ్. మళ్ళీ చేశా, స్విచాఫ్. చివరికి మామయ్యని అడిగితే, "పలుకుతున్నాడే, ఇప్పుడే మాట్లాడా" అన్నాడు. తేలిందేంటంటే, చిప్పులో ఉన్నది స్వీడన్ నంబరు. ఆ సిమ్ము సూట్‌కేసులో పడుంది. సెలవుల కోసం తీసుకున్న ఇక్కడి సిమ్ము నంబరు మామయ్యకి నోటితో చెప్పాడు, అది పలుకుతోంది. హతవిధీ! చిప్పులో నంబరు మార్చుకోవచ్చు, లక్షసార్లు తిరగరాయొచ్చని డేటాషీట్ చెప్తోంది. అన్నయ్యకి గుర్తుండాలి కదా. నోటితో చెప్పేటప్పుడైతే 'వీడికి ఏ నంబరు పనికొస్తుంది' అని మనసు తనంతట తనే ఆలోచిస్తుంది.

అప్పుడు నాకు వెలిగింది, మామయ్య మిస్డ్ కాల్ మహా గొప్ప ప్రోటోకాల్ అని. నవ్వకండి, చూడండి. అన్నయ్య నంబర్ చెప్పడం 'సిన్'. మామయ్య మిస్డ్ కాల్ ఇవ్వడం 'సిన్-యాక్'. "వచ్చింది మామయ్యా, సేవ్ చేసుకుంటున్నా" అనడం 'యాక్'. అచ్చంగా టీసీపీ త్రీ-వే హ్యాండ్‌షేక్! ఒక్క దెబ్బతో ఇద్దరికీ నంబర్లు చేరాయి, ఆ నంబరు బతికే ఉందని రుజువైంది, ఇద్దరూ ఒప్పుకున్నారు. ఖర్చు సున్నా, సూది సున్నా. చిప్పుదేమో ఒకవైపు వాయించే టముకు. నా నంబరు అన్నయ్యకి చేరనే లేదని తర్వాత గుర్తొచ్చింది.

సేవ్ చేసుకునే పేరు సంగతి కూడా ఉంది. వీకార్డ్‌లో మొదటి గడి ఇంటిపేరుది, రెండోది అసలు పేరుది. అవతలివాడి ఫోన్లో మనమెలా కనపడాలో మనమే నిర్ణయించి పంపుతాం, పాస్‌పోర్టు మీద ఉన్నట్టు. మీ ఫోన్ తీసి చూసుకోండి, ఎంతమంది అలా ఉన్నారో? నా ఫోన్లో 'ప్లంబర్ మియాపూర్', 'పాలకొల్లు అత్తయ్య కొత్తది', 'గ్యాస్ పాతబ్బాయి', 'ఎత్తొద్దు 2' ఉన్నారు. వీళ్ళలో సగం మంది పూర్తి పేర్లు నాకు తెలియవు. మా మామ్మ ఫోన్లో నేను 'చిన్నోడు హైద్రాబాద్'. అక్కడ నా ఇంటిపేరుతో వీకార్డ్ పడిందనుకోండి, మామ్మ జన్మలో నన్ను వెతికి పట్టుకోలేదు. కాంటాక్ట్ అంటే నా డేటా అనుకుంటాం గానీ, అందులో పేరు పెట్టేది ఎదుటివాళ్ళు. వాళ్ళకి మనమేంటో ఆ పేరులో ఉంటుంది.

చివరగా, నన్ను నిజంగా ఆపిన విషయం. సోమవారం ఆఫీసులో ఈ పెళ్ళి కథంతా చెప్పి నవ్వించాను. మా మేనేజర్ కూడా నవ్వి, "భలే ఉందే, రోజూ ఐడీ కార్డు మర్చిపోయే మీలాంటివాళ్ళకి అలాంటిదే వేయించాలి" అన్నాడు. అందరూ మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను, సీటుకొచ్చి కూర్చున్నాక నవ్వు రాలేదు. 2017లో అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో త్రీ స్క్వేర్ మార్కెట్ అనే కంపెనీ సరిగ్గా ఆ పనే చేసింది. యాభై మంది దాకా ఉద్యోగులు తలుపులు తెరవడానికీ, చిరుతిళ్ళు కొనడానికీ, కంప్యూటర్లో లాగిన్ అవడానికీ చిప్పులు వేయించుకున్నారు. అందరూ ఇష్టపడే వేయించుకున్నారు, బలవంతమేమీ లేదు. అదే రాష్ట్రంలో ఎవరికైనా బలవంతంగా చిప్పు వేయకూడదని 2006లోనే చట్టం వచ్చింది. ఎవరో ముందుచూపున్నవాళ్ళు.

ఆఫీసులో 'ఇష్టపడి' అనే మాటకి అర్థమేంటో మనందరికీ తెలుసు. శనివారం రావడం కూడా మనం ఇష్టపడి చేసేదే కదా :) కార్డు మెళ్ళోది, ఇంటికెళ్ళి తీసి కొక్కేనికి తగిలిస్తాం. ఉద్యోగం మానేసిన రోజు హెచ్‌ఆర్‌కి ఇచ్చేసి వస్తాం. చేతిలో ఉన్నదాన్ని ఏం ఇచ్చేస్తాం, ఎక్కడ తగిలిస్తాం? ఈ అలవాటు నంబర్లు పంచుకునే సరదాగా మొదలైతే, రేపు "అన్నట్టు నీ చేతిలో ఎలాగూ ఉందిగా, తలుపు దానికే కలిపేద్దాం" అనడానికి ఎంతసేపు? అప్పుడు ఒకంకె మార్చి చెప్పే వీలు మా చెల్లికే కాదు, నాక్కూడా ఉండదు.

చేతిలో చిప్పు వేయించుకున్నవాళ్ళని నేనేమీ అనను. అన్నయ్య తన ఒళ్ళు, తన ఇష్టం, తన డబ్బు. తాళాలు తియ్యడానికి తను ఇంట్లో హాయిగా వాడుకుంటున్నాడు, ఆ ఉపయోగం నాకూ నచ్చింది. ఆ తలుపుకి యజమాని తనే. నంబరు సంగతి అలా కాదు. ఎవరికివ్వాలి, ఏదివ్వాలి, ఇవ్వాలా వద్దా అని మనిషిని చూసి ప్రతిసారీ కొత్తగా తేల్చుకోవాల్సిన పని అది. దాన్ని ఒకేసారి రాసి చర్మం కింద పాతిపెట్టలేం.

నిన్న రాత్రి ఆ ఆర్డర్ పేజీలో నింపిన అడ్రస్ తీసేశాను. ఆ వెంటనే ఫోన్ తెరిచి, ఇంటిపేరుతో సహా ఆరు పదాలున్న అన్నయ్య వీకార్డ్ పేరుని చెరిపేసి 'చిప్పన్నయ్య' అని మార్చుకున్నాను. కింద ఇక్కడి నంబరు కూడా చేర్చాను. అడిగితే నోటితోనే చెప్పాడు.

మీలో ఎవరైనా వేయించుకున్నారా? వేయించుకోవాలనుకుంటే మాత్రం, ముందు మీ ఇంట్లో ఆడవాళ్ళని ఓ మాట అడగండి. మన టెస్ట్ కేసుల్లో లేనిదేదో వాళ్ళ దగ్గర తప్పకుండా ఉంటుంది.